ఫ్రెంచ్‌లో మార్కులు ఫుల్.. మాట్లాడమంటే నిల్! సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పిల్లలకు అసలు దారి ఏది?

పదో తరగతి రిజల్ట్స్ వచ్చాయంటే చాలు.. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఇళ్లల్లో రెండు ప్రశ్నలు మొదలవుతాయి. ఎంపీసీనా, బైపీసీనా? ఏ కాలేజీ? మూడో ప్రశ్న ఒకటుంది. దాన్ని మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు. అప్లికేషన్ ఫామ్‌లో 'సెకండ్ లాంగ్వేజ్' అనే చిన్న గడి. తెలుగు, సంస్కృతం, హిందీ, ఉర్దూ, అరబిక్, ఫ్రెంచ్.. ఇలా ఆప్షన్లు ఉంటాయి. అడ్మిషన్ కౌంటర్ దగ్గర కూర్చున్నాయన ఏది చెబితే అది టిక్ పెట్టేసి వచ్చేస్తారు.

ఆ ఒక్క టిక్కు వెనక పెద్ద కథే ఉంది. ఎందుకంటే ఇప్పుడు ఫ్రాన్స్ మన విద్యార్థుల్ని రమ్మంటోంది. కెనడా ఫ్రెంచ్ వచ్చినవాళ్లకు ప్రత్యేకంగా డ్రాలు తీస్తోంది. హైదరాబాద్‌లో ఫ్రెంచ్ కంపెనీలు పెట్టుబడులు పెంచుతున్నాయి. మరోవైపు ఇంటర్‌లో రెండేళ్లు ఫ్రెంచ్ చదివి, మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లల్లో చాలామంది.. తర్వాత అదే భాషను 'ఏబీసీడీ'ల నుంచి మళ్లీ డబ్బు కట్టి నేర్చుకోవాల్సి వస్తోంది. తేడా ఎక్కడ కొడుతోంది?

అసలు ఫ్రెంచ్ ఎందుకు తీసుకుంటారు?

భాష మీద ప్రేమతో తీసుకునేవాళ్లు తక్కువే. మార్కుల కోసం తీసుకునేవాళ్లే ఎక్కువ. తెలంగాణ ఇంటర్‌లో మొత్తం 1000 మార్కులు. అందులో ఇంగ్లిష్‌కి 200, సెకండ్ లాంగ్వేజ్‌కి 200. అంటే ఐదో వంతు. తెలుగు తీసుకుంటే పద్యాలు, వ్యాకరణం, పేజీలకు పేజీలు జవాబులు. అదే సంస్కృతం, ఫ్రెంచ్ అయితే సిలబస్ మొదటి మెట్టు నుంచి మొదలవుతుంది. చిన్న వాక్యాలు, ముందే ఊహించగలిగే ప్రశ్నలు. కొద్దిగా బట్టీ పడితే మార్కులు వచ్చేస్తాయి. మిగిలిన టైమంతా మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీకి. ఇదీ లెక్క.

మూడు పట్టణాల్లోనే కాదు, రాష్ట్రమంతా ఇదే ధోరణి. ప్రైవేట్ కాలేజీల్లో ఎక్కువ చోట్ల సంస్కృతానిదే హవా. ఫ్రెంచ్ ఆప్షన్ ఉన్న కాలేజీలు తక్కువ. ఉన్నచోట కూడా లక్ష్యం మాత్రం ఒకటే.. మార్కులు.

ఆ మార్కులు నిజంగా పనికొస్తాయా?

ఇక్కడే తల్లిదండ్రులు ఒక విషయం గమనించాలి. టీజీ ఎప్‌సెట్‌లో ఇంటర్ మార్కులకు గతంలో 25 శాతం వెయిటేజీ ఉండేది. దాన్ని 2023లో ఎత్తేశారు. పైగా ఆ వెయిటేజీ ఉన్న రోజుల్లో కూడా గ్రూప్ సబ్జెక్టుల మార్కులే లెక్కలోకి వచ్చేవి. సెకండ్ లాంగ్వేజ్‌లో 99 వచ్చినా, 60 వచ్చినా ర్యాంకులో తేడా రాలేదు. ఇప్పుడూ రాదు.

అలాగని భాషా మార్కులు పూర్తిగా వృథా అనలేం. జేఈఈ ద్వారా ఎన్ఐటీ, ఐఐటీల్లో చేరాలంటే ఇంటర్‌లో 75 శాతం ఉండాలి, లేదంటే బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లో ఉండాలి. అక్కడ భాషా సబ్జెక్టుకీ పాత్ర ఉంది. 'దోస్త్' ద్వారా డిగ్రీ సీట్లకు ఇంటర్ మార్కులే ఆధారం. అంతవరకు ఓకే. కానీ ఇంజినీరింగ్ ర్యాంకు కోసమే ఫ్రెంచ్ తీసుకున్నామంటే.. ఆ లెక్క తప్పు.

మరి రెండేళ్లు పెట్టిన కాలానికి ప్రతిఫలం ఏంటి? మెమోలో ఒక నంబర్. అంతేనా? అంతే అయితే అది పెద్ద నష్టమే. ఎందుకంటే తలుపులు నిజంగానే తెరుచుకుంటున్నాయి.

ఫ్రాన్స్ ఏమంటోంది?

2024 జనవరిలో గణతంత్ర వేడుకలకు ముఖ్య అతిథిగా వచ్చిన ఫ్రాన్స్ అధ్యక్షుడు ఎమ్మాన్యుయెల్ మాక్రాన్ ఒక టార్గెట్ ప్రకటించారు. 2030 నాటికి ఏటా 30 వేల మంది భారత విద్యార్థులు ఫ్రాన్స్‌లో చదవాలని. ఆ సమయానికి అక్కడ ఉన్న మన విద్యార్థులు 10 వేల లోపే. ఫ్రెంచ్ రాని విద్యార్థుల కోసం 'ఇంటర్నేషనల్ క్లాసెస్' అనే పద్ధతి కూడా తెచ్చారు. ముందు ఒక ఏడాది భాష నేర్పి, తర్వాత డిగ్రీలో చేర్చుకుంటారు.

ఫీజుల సంగతి చూస్తే.. ఫ్రాన్స్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో యూరప్ బయటి విద్యార్థులకు డిగ్రీకి ఏడాదికి సుమారు 2,900 యూరోలు, మాస్టర్స్‌కి సుమారు 3,900 యూరోలు. అమెరికాతో పోలిస్తే ఇది చాలా తక్కువ. అయితే బిజినెస్ స్కూళ్లు, ప్రైవేట్ సంస్థల ఫీజులు వేరు. అవి చాలా ఎక్కువ. కన్సల్టెన్సీలు ముందు చూపించేది చాలాసార్లు వాటినే. ఈ తేడా తెలియకపోతే జేబుకు చిల్లే.

'ఇంగ్లిష్‌లోనే కోర్సులు ఉన్నాయి కదా, ఫ్రెంచ్ ఎందుకు?' అని అడగొచ్చు. నిజమే, ఇంగ్లిష్‌లో చెప్పే కోర్సులు అక్కడ 1,500కు పైగా ఉన్నాయి. కానీ క్లాస్‌రూమ్ దాటి బయటికొస్తే? రూమ్ అద్దెకు తీసుకోవాలన్నా, బ్యాంకు ఖాతా తెరవాలన్నా, ఇంటర్న్‌షిప్ వెతుక్కోవాలన్నా ఫ్రెంచే. విద్యార్థులు ఏడాదికి 964 గంటల వరకు పార్ట్‌టైమ్ పని చేసుకోవచ్చని రూల్ ఉంది. కౌంటర్‌లో నిలబడి కస్టమర్‌తో నాలుగు మాటలు మాట్లాడలేనివాళ్లకు ఆ పని ఎవరిస్తారు? అసలు షాపులోకి అడుగుపెట్టగానే 'బోంజూర్' అనకపోతే అక్కడ మర్యాద తెలియనివాళ్ల కిందే లెక్క. భాషతో పాటు సంస్కృతి కూడా నేర్చుకోవాలనేది అందుకే.

కెనడా కథ ఇంకోటి

2025 సెప్టెంబర్‌లో అమెరికా కొత్త హెచ్1బీ పిటిషన్లకు లక్ష డాలర్ల ఫీజు ప్రకటించింది. దాంతో తెలుగు రాష్ట్రాల్లో చాలా కుటుంబాలు వేరే దేశాల వైపు చూస్తున్నాయి. కెనడా కూడా 2024 నుంచి స్టూడెంట్ పర్మిట్ల మీద పరిమితి పెట్టింది. కానీ అదే కెనడా ఒక కిటికీ మాత్రం తెరిచి ఉంచింది. అదే ఫ్రెంచ్.

ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఫ్రెంచ్ వచ్చినవాళ్లకు 2023 జులై నుంచి ప్రత్యేక డ్రాలు తీస్తున్నారు. 2025 మార్చి 21న తీసిన డ్రాలో 7,500 మందికి ఆహ్వానం పంపారు. కటాఫ్ స్కోర్ 379. అదే 2025లో కెనడాలో పని చేసిన అనుభవం ఉన్నవాళ్ల డ్రాల్లో కటాఫ్ అంతకంటే చాలా ఎక్కువే నడిచింది. క్యూబెక్ బయట స్థిరపడే వలసదారుల్లో ఫ్రెంచ్ మాట్లాడేవాళ్లు ఇంత శాతం ఉండాలని కెనడా టార్గెట్ పెట్టుకుంది. 2025కి అది 8.5 శాతం. ఆ టార్గెట్ కోసమే ఈ తేడా.

చూడగానే నోరూరుతుంది. 'ఆరు నెలల్లో ఫ్రెంచ్.. ఆ వెంటనే పీఆర్' అనే ప్రకటనలు అందుకే పుట్టుకొస్తున్నాయి. కానీ చిన్న అక్షరాల్లో ఉన్న షరతులు చదవాలి. ఒకటి.. వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం.. నాలుగింటిలోనూ ఎన్‌సీఎల్‌సీ 7 స్థాయి రావాలి. ఇది సుమారుగా యూరప్ లెక్కలో బీ2 స్థాయి. రెండు.. నైపుణ్యం ఉన్న ఉద్యోగంలో కనీసం ఏడాది అనుభవం, చదువు లాంటి మిగతా అర్హతలు ఉండాలి. అంటే ఇంటర్ పాసవగానే దూకే పని కాదు. మూడు.. కటాఫ్‌లు, నిబంధనలు మారుతూనే ఉంటాయి. 2025లో ఉన్నదే 2030లో ఉంటుందని ఎవరూ రాసివ్వలేరు.

ఇంటర్ ఫ్రెంచ్‌కి, బీ2కి ఎంత దూరం?

ఇక అసలు లెక్క. ఫ్రెంచ్‌లో ప్రపంచమంతా ఒప్పుకునే పరీక్ష డెల్ఫ్. ఏ1, ఏ2, బీ1, బీ2 అని నాలుగు మెట్లు. ఒక్కో పరీక్ష 100 మార్కులకు. వినడానికి 25, చదవడానికి 25, రాయడానికి 25, మాట్లాడడానికి 25. పాసవడానికి 50 చాలు. కానీ ఏ ఒక్క విభాగంలో 5 కంటే తక్కువొచ్చినా ఫెయిలే. అంటే బాగా రాసి, నోరు తెరవకపోతే సర్టిఫికెట్ రాదు. బట్టీ ఇక్కడ పని చేయదు.

సున్నా నుంచి బీ2 చేరాలంటే సుమారు 600 గంటల శిక్షణ కావాలనేది సాధారణ అంచనా. ఒక కాలేజీలో వారానికి నాలుగు గంటలు, ఏడాదికి 30 వారాలు ఫ్రెంచ్ క్లాస్ నిజంగా జరిగిందనుకుందాం. ఏడాదికి 120 గంటలు, రెండేళ్లకు 240. సరిగ్గా చెబితే.. ఏ2 దాటి బీ1 వాకిట్లో నిలబడొచ్చు. మిగిలిన 360 గంటలు డిగ్రీలోనో, బీటెక్‌లోనో రోజుకు గంట చొప్పున చదివినా ఏడాదిలో పూర్తవుతాయి. అంటే ఇంటర్‌లో వేసిన పునాది గట్టిదైతే దారిలో దాదాపు సగం అయిపోయినట్టే!

కానీ అదే పీరియడ్‌ని ఫిజిక్స్ రివిజన్‌కి ఇచ్చేసి, పరీక్షకు నెల ముందు ముఖ్యమైన ప్రశ్నలు బట్టీ పట్టిస్తే? మెమోలో మార్కులు ఉంటాయి, చేతిలో భాష ఉండదు. అప్పుడు 'ఆరు నెలల్లో బీ2' అనే కోచింగ్‌కి వెళ్లాలి. సున్నా నుంచి 600 గంటలంటే ఆరు నెలల పాటు ఒక్క రోజూ సెలవు లేకుండా రోజుకు మూడు గంటల పైనే. ఉద్యోగం చేసుకుంటూ ఎంతమంది చేయగలరు?

తెలుగు పిల్లలకు ఫ్రెంచ్ కష్టమా?

విచిత్రం ఏంటంటే, కొన్ని విషయాల్లో తెలుగు వచ్చినవాళ్లకే ఫ్రెంచ్ తేలిక. ఇంగ్లిష్‌లో అందరికీ ఒకటే 'యూ'. ఫ్రెంచ్‌లో 'త్యు' అంటే నువ్వు, 'వూ' అంటే మీరు. స్నేహితుడితో ఒకలా, మాస్టారితో ఇంకోలా మాట్లాడాలన్నది తెలుగు పిల్లాడికి ఎవరూ నేర్పక్కర్లేదు. వెళ్తాను, వెళ్తావు, వెళ్తారు.. అని మనిషిని బట్టి క్రియ మారడం తెలుగులో ఉన్నదే. ఫ్రెంచ్‌లోనూ అంతే. కానీ ఫ్రెంచ్‌ని ఎక్కువగా ఇంగ్లిష్ మీదుగా చెబుతారు. దాంతో చేతిలో ఉన్న తాళంచెవి పక్కనపెట్టి తలుపు తట్టినట్టు అవుతోంది.

కష్టమైనవీ ఉన్నాయి. తెలుగులో రాసిందే చదువుతాం. ఫ్రెంచ్‌లో చివరి అక్షరాలు చాలాసార్లు పలకరు. మనం ప్యారిస్ అంటాం, వాళ్లకు అది 'పారీ'. హైదరాబాద్-విజయవాడ హైవే మీద రోజూ కనిపించే రెనో కారు పేరు చివర రాతలో రెండు అక్షరాలున్నా నోట పలికేవి లేవు. ముక్కుతో పలికే శబ్దాలు ఇంకో తలనొప్పి. ఇవన్నీ పుస్తకంతో రావు. వినాలి, మాట్లాడాలి. అందుకే చిన్న కాలేజీలో పాఠ్యపుస్తకం కంటే చెప్పే టీచరే ముఖ్యం.

టీచర్ ఎక్కడ దొరుకుతారు?

చిన్న పట్టణాలకు అసలు అడ్డంకి ఇదే. ఫ్రెంచ్ బాగా నేర్పే సంస్థలు హైదరాబాద్‌లో ఉన్నాయి. ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ.. అదే ఇఫ్లూ.. అక్కడే ఉంది. అలియాన్స్ ఫ్రాన్సేజ్ కేంద్రం అక్కడే. అక్కడ చదివినవాళ్లకు ఇంటర్నేషనల్ స్కూళ్లు, కంపెనీల్లో లాంగ్వేజ్ ఉద్యోగాలు సిటీలోనే దొరుకుతాయి. సుమారు 135 కిలోమీటర్ల దూరంలో ఉన్న సూర్యాపేటకు, ఇంకా ముందుకెళ్లి కోదాడకు వచ్చి, ఒక్క సెక్షన్‌కి పాఠం చెప్పే పార్ట్‌టైమ్ ఉద్యోగానికి ఎవరు ఒప్పుకుంటారు?

అయితే దీనికి దారి లేకపోలేదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ దగ్గర దగ్గరి ఊళ్లే. ఒక్కో కాలేజీలో 20 మంది చొప్పున ఫ్రెంచ్ పిల్లలుంటే ఏ కాలేజీకీ ఫుల్‌టైమ్ టీచర్ గిట్టదు. మూడు పట్టణాల కాలేజీలు కలిసి ఒక మంచి టీచర్‌ని పెట్టుకుంటే? వారంలో రెండేసి రోజులు ఒక్కో ఊళ్లో. మిగతా రోజులు ఆన్‌లైన్. ఖర్చు మూడు భాగాలు, టీచర్‌కి నెలంతా పని. రైస్ మిల్లుల ఊరు మిర్యాలగూడలో నలుగురు కలిసి ఒక పని నడిపించడం కొత్తేమీ కాదు కదా!

బోర్డు చేయగలిగింది ఏంటి?

ఇంటర్ ఇంగ్లిష్‌కి 2023-24 నుంచి తెలంగాణలో 20 మార్కుల ప్రాక్టికల్ వచ్చింది. మాట్లాడడం కూడా పరీక్షలో భాగమే అని బోర్డు అప్పుడే ఒప్పుకుంది. మరి ఫ్రెంచ్‌కి ఆ పద్ధతి ఎందుకు ఉండకూడదు? మాట్లాడితేనే మార్కులు అన్న రోజున, కాలేజీలు పీరియడ్‌ని ఫిజిక్స్‌కి ఇవ్వడం మానేస్తాయి. కేవలం మార్కుల కోసం టిక్ పెట్టేవాళ్లూ తగ్గుతారు. 2020 జాతీయ విద్యా విధానం కూడా సెకండరీ స్థాయిలో నేర్పే విదేశీ భాషల్లో ఫ్రెంచ్‌ని పేరు పెట్టి చెప్పింది. కాగితం మీద ఉన్నది క్లాసులోకి రావాలి.

తెలుగు సంగతి?

ఈ చర్చలో ఇంకో పక్క కూడా ఉంది. 2018 చట్టంతో తెలంగాణ స్కూళ్లలో పదో తరగతి దాకా తెలుగు తప్పనిసరి చేశారు. ఇంటర్‌కొచ్చేసరికి అది ఆప్షన్ మాత్రమే. ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో సంస్కృతం పెట్టే ఆలోచన 2025లో బయటికొచ్చినప్పుడు తెలుగు భాషాభిమానులు గట్టిగా వ్యతిరేకించారు. వాళ్ల బాధలో న్యాయం ఉంది. 15 ఏళ్లకే తెలుగు పుస్తకం మూసేస్తే మళ్లీ తెరిచేదెప్పుడు?

తెలుగు మానేసి ఫ్రెంచ్ తీసుకుని, ఆ ఫ్రెంచూ రాకపోతే రెంటికీ చెడ్డ రేవడే. తెలుగు మానేసినందుకు కనీసం ఇంకో భాషైనా నాలుక మీద నిలవాలి. నిజంగా ఫ్రెంచ్ మీద ఇష్టం ఉన్నవాళ్లు ఆ ఆప్షన్ తీసుకోవడంలో తప్పేమీ లేదు. ప్యారిస్‌లోని ఇనాల్కో సంస్థలో ఫ్రెంచ్ వాళ్లు తెలుగు నేర్చుకోవడానికి కోర్సు ఉంది. వాళ్లు మన భాషను మార్కుల కోసం చదవడం లేదు!

ఫ్రెంచ్ మనకు కొత్తేం కాదు

సూర్యాపేట నుంచి హైదరాబాద్ బస్సెక్కితే దిల్‌సుఖ్‌నగర్ దాటగానే మూసారాంబాగ్ వస్తుంది. నిజాం సైన్యంలో పని చేసి 1798లో చనిపోయిన ఫ్రెంచ్ సేనాని రేమాండ్ పేరు మీదే ఆ ప్రాంతానికి ఆ పేరు వచ్చిందంటారు. గోదావరి ఒడ్డున తెలుగు మాట్లాడే యానాం 1954 దాకా ఫ్రెంచ్ పాలనలో ఉంది. అప్పట్లో ఫ్రెంచ్ వాళ్లు తుపాకులతో వచ్చారు. ఇప్పుడు ఫ్యాక్టరీలతో వస్తున్నారు. సాఫ్రాన్ సంస్థ విమాన ఇంజిన్ల మరమ్మతు కేంద్రం 2025 నవంబర్‌లో హైదరాబాద్‌లో మొదలైంది. రఫేల్ యుద్ధ విమానాల బాడీ భాగాలను ఇక్కడే తయారుచేయడానికి టాటా, డసో సంస్థలు ఒప్పందం చేసుకున్నాయి. ఫార్మా దిగ్గజం సనోఫీకి ఇక్కడ పెద్ద సెంటర్ ఉంది. వీటిలో ఉద్యోగానికి ముందు కావాల్సింది టెక్నికల్ నైపుణ్యం, ఇంగ్లిష్. ఫ్రెంచ్ ఒక్కటే ఉద్యోగం తెచ్చిపెట్టదు. కానీ ఇద్దరు సమానంగా ఉన్నప్పుడు ఫ్రెంచ్ వచ్చినవాళ్ల వైపు త్రాసు మొగ్గొచ్చు.

ఫామ్ నింపే ముందు ఈ ఐదు అడగండి

1. ఫ్రెంచ్ టీచర్ కాలేజీలో ఉన్నారా? వాళ్లకు ఏ స్థాయి సర్టిఫికెట్ ఉంది?

2. వారానికి ఎన్ని పీరియడ్లు? అవి నిజంగా జరుగుతాయా? సీనియర్లను అడిగితే నిజం తెలుస్తుంది.

3. క్లాసులో పిల్లలతో మాట్లాడిస్తారా, నోట్స్ రాయించి వదిలేస్తారా?

4. రెండేళ్ల చివర్లో డెల్ఫ్ ఏ2 పరీక్ష రాయిస్తారా? డెల్ఫ్ సర్టిఫికెట్‌కి గడువు ఉండదు, జీవితాంతం చెల్లుతుంది. కెనడా కోసం రాసే టెఫ్, టీసీఎఫ్ పరీక్షల ఫలితాలు మాత్రం రెండేళ్లే చెల్లుతాయి. కాబట్టి వాటిని తొందరపడి ఇంటర్‌లోనే రాయించొద్దు.

5. పిల్లలకు ఇష్టం ఉందా? ఇది అన్నిటికంటే ముఖ్యం.

ఈ ప్రశ్నలకు సమాధానం లేకపోతే తెలుగు తీసుకోవడమే మంచిది. ఆ తర్వాత కూడా ఫ్రెంచ్ తలుపు మూసుకుపోదు. ఆర్ఎఫ్ఐ రేడియో తేలిక ఫ్రెంచ్‌లో రోజూ వార్తలు ఇస్తుంది. ఫ్రెంచ్ ఛానల్ టీవీ5 మోంద్ ఉచితంగా పాఠాలు పెడుతుంది (పేరు కలిసినా మన తెలుగు ఛానల్‌తో సంబంధం లేదు). ఫోన్, డేటా ఉంటే కోదాడలో కూర్చుని కూడా రోజుకు అరగంట వినొచ్చు. మాట్లాడే తోడు మాత్రం వెతుక్కోవాలి.

చివరిగా ఒక్క మాట. ప్యారిస్‌లో ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఇంటర్ మెమో అడగరు. ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడమంటారు. అక్కడ సమాధానం చెప్పగలిగేలా తయారు చేసేది అడ్మిషన్ రోజు పెట్టిన టిక్కు కాదు.. రెండేళ్ల పాటు నిజంగా జరిగిన క్లాసులు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ కాలేజీల్లో ఫీజు కట్టే తల్లిదండ్రులకు ఆ క్లాసుల లెక్క అడిగే హక్కు ఉంది.